రైతు ఇంటి లోపలి గాలి: పత్తి కట్టె పొగ నుంచి ధాన్యపు గుళికల దాకా

వ్యవసాయ పరిశోధనలో గాలికి చోటు లేదని అనలేము. గాలి వేగం, గాలిలో తేమ, బాష్పోత్సేకం, పిచికారీ చేసిన మందు గాలివాటున పక్క చేలోకి కొట్టుకుపోవడం, ఇవన్నీ మన ప్రయోగ పట్టికలలో ఉన్న అంశాలే. అయితే ఆ గాలి చేను గట్టు దాటి రైతు ఇంటి గడపలోకి వచ్చిన తరువాత దానిని వైద్యులకు అప్పగించి ఊరుకున్నాం. ఈ విభజన సరైనది కాదు. మన గ్రామాలలో ఇంటి గాలిని పాడుచేసే వస్తువులలో అధిక భాగం పొలం నుంచే ఇంట్లోకి వస్తాయి. పొయ్యిలోకి పత్తి కట్టె, మొక్కజొన్న బెండ్లు. గదిలోకి పత్తి, ఎండుమిర్చి. మంచం కిందికి పురుగుమందు డబ్బాలు. వడ్ల బస్తాల మధ్యకు గుళికలు. వీటిలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక సాగు నిర్ణయం ఫలితమే కనుక, ఇంటి గాలి సస్యశాస్త్రజ్ఞుని పరిధిలోనిదే.

ఈ వ్యాసానికి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలను తీసుకోవడానికి కారణం ఉంది. 2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లాను పునర్విభజించినప్పుడు ఏర్పడిన ఈ మూడూ ఇరుగుపొరుగు జిల్లాల వంటివే అయినా, వీటి పొయ్యిలోకి వెళ్ళే ఇంధనం ఒకటి కాదు. జనగామ మెట్ట ప్రాంతం. ఎర్ర చల్కలలో పత్తి, ఎత్తిపోతల నీరు చేరిన చోట వరి. అక్కడ వంటచెరకు అంటే పత్తి కట్టె, తుమ్మ కొమ్మలు. మహబూబాబాద్ మిరప, పత్తి, మొక్కజొన్న పండే జిల్లా, తండాలు ఎక్కువ, మిరప కట్టె, మొక్కజొన్న బెండ్లు కూడా మంటకు వస్తాయి. భూపాలపల్లిలో ఒకవైపు అడవి, మరొకవైపు సింగరేణి గనులు, చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. అడవి కట్టె దొరికే ఊళ్ళలో గ్యాసు బండ ఉన్నా కట్టెల మోపు ఆగదు. ఒకే సిఫారసును మూడు జిల్లాలకూ పంపితే ఎక్కడా అతకదు.

కొలతలు ఏమి చెబుతున్నాయి

పొగలో కంటిని మండించేది ఒకటి, ఊపిరితిత్తిని పాడుచేసేది మరొకటి. రెండున్నర మైక్రోమీటర్లు, అంతకంటే చిన్న వ్యాసం గల కణాలను పీఎం 2.5 అంటున్నాం. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు అనుకుంటే, దానిలో ఇరవై ఎనిమిదో వంతు, అంతకంటే చిన్నవి ఇవి. ముక్కులోని వెంట్రుకలూ శ్లేష్మమూ వీటిని ఆపలేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటున 15 మైక్రోగ్రాములు మించరాదు. 2009లో ప్రకటించిన మన జాతీయ ప్రమాణాలు ఏడాదికి 40, రోజుకు 60. ఈ ప్రమాణాలు బయటి గాలికి ఉద్దేశించినవి. వంటగది గాలికి మన దేశంలో ఇటువంటి ప్రమాణం అమలులో లేదు. కొలిచే అధికారి కూడా లేడు.

తెలంగాణ పల్లెలకు సంబంధించి గట్టి ఆధారం హైదరాబాదుకు దక్షిణాన ఉన్న 28 గ్రామాల నుంచి లభిస్తున్నది. జాతీయ పోషకాహార సంస్థ దీర్ఘకాలంగా పరిశీలిస్తున్న ఆ జనసమూహంపై బార్సిలోనా పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2020 జనవరిలో జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో వెలువడింది. అందులో 3,717 మంది పాల్గొన్నారు. ఆ గ్రామాల బయటి గాలిలోనే పీఎం 2.5 సగటు 32.8 మైక్రోగ్రాములు. సగం కంటే ఎక్కువ మంది, అంటే 57.8 శాతం, కట్టె, పిడకల వంటి జీవ ఇంధనంతో వండే ఇళ్ళవారు. సూక్ష్మ ధూళి అధికంగా ఉన్న చోట నివసించేవారి ఎముకలలో ఖనిజ పరిమాణం తక్కువగా కనిపించింది. విశేషమేమంటే, కట్టెతో వండుతారా లేదా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుకూ ఎముకల స్థితికీ అటువంటి సంబంధం తేలలేదు. దీనిని చూపి కట్టె పొగ నిరపాయమని వాదించేవారు ఉండవచ్చు. నా దృష్టిలో ఆ వాదన నిలవదు. ‘అవును, కాదు’ అన్న జవాబు పొగ మోతాదును కొలవదు. ఆరుబయట పొయ్యి పెట్టి వండే ఇల్లూ, స్లాబు కింద కిటికీ లేని గదిలో వండే ఇల్లూ ఆ ప్రశ్నకు ఒకే జవాబు ఇస్తాయి. నత్రజని వేశారా అని అడిగి ఎన్ని కిలోలు, ఏ దశలో అని అడగకుండా దిగుబడిని విశ్లేషించడం వంటిదే ఇది.

పొయ్యి

మన రాష్ట్రంలో గ్యాసు పొయ్యి చరిత్ర చిన్నదేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలైంది. కేంద్ర ప్రభుత్వ ఉజ్జ్వల యోజన 2016 మే 1న ప్రారంభమైంది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం అర్హులైన కుటుంబాలకు 500 రూపాయలకే సిలిండర్ అందించే పథకాన్ని అమలులోకి తెచ్చింది. 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో శుభ్రమైన ఇంధనంతో వండే ఇళ్ళు దేశంలో సుమారు 59 శాతం కాగా తెలంగాణలో 90 శాతం దాటాయి.

ఈ అంకెను చూసి సమస్య తీరిపోయిందని భావించడం తొందరపాటు. సర్వే అడిగేది ప్రధానంగా ఏ ఇంధనంతో వండుతారని. పల్లె ఇంటిలో పొయ్యి ఒకటే ఉండదు. ఉదయం చాయ, కూర గ్యాసు మీద. స్నానాల నీళ్ళ కాగు, పశువుల దాణా, పదిమంది కూలీలకు అన్నం, పండుగ పిండివంటలు కట్టె మీద. పంట కోత రోజులలో ఇంట్లో రాజుకునే మంట మామూలు రోజులకు రెండింతలు. పత్తి కట్టెకు ధర లేదు. చేను ఖాళీ చేయడానికి ఎలాగూ పీకించాలి. పీకిన తరువాత అది ఉచిత ఇంధనం. ఉచితంగా దొరికే దానికీ, 500 రూపాయలకే అయినా డబ్బు పెట్టి కొనవలసిన దానికీ మధ్య నిర్ణయం ఏమవుతుందో ఆర్థికశాస్త్రం తెలియకపోయినా చెప్పవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఎండిన కట్టె ఒక కిలో కాలితే, పొయ్యి తీరునూ తేమనూ బట్టి, సుమారు 5 గ్రాముల సూక్ష్మ ధూళి వెలువడవచ్చు. గంటకు కిలో కట్టె కాల్చే పొయ్యి నుంచి, ఆ లెక్కన, నిమిషానికి 83 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో గృహ ఇంధనాలపై ఇచ్చిన మార్గదర్శకాలలో, పొగగొట్టం లేని పొయ్యి నుంచి నిమిషానికి 0.23 మిల్లీగ్రాములు, పొగగొట్టం ఉంటే 0.80 మిల్లీగ్రాములు మించి వెలువడరాదని లక్ష్యం పెట్టింది. సుమారు 30 ఘనపు మీటర్ల వంటగది, అందులో గంటకు 15 సార్లు గాలి మారుతుందన్న సగటు అంచనాతో వేసిన లెక్క అది. అప్పటికి అమలులో ఉన్న 10 మైక్రోగ్రాముల వార్షిక విలువను అందుకోవడానికి. అంటే మన కట్టె పొయ్యి మొదటి లక్ష్యానికి సుమారు 360 రెట్లు, రెండవదానికి 100 రెట్లు పైన ఉంది. కిటికీని రెండింతలు చేస్తే గాలి మార్పిడి రెండింతలై, గాఢత సగమవుతుంది. నాలుగింతలు చేస్తే పావు వంతు అవుతుంది. కిటికీలతో మూడు వందల రెట్ల దూరాన్ని ఎవరూ దాటలేరు. అందువల్ల వెంటిలేషన్ మంచిదే గాని అది రెండవ పని. మొదటి పని మంటను గదిలో నుంచి తీసివేయడం.

పొగలేని పొయ్యి ఆలోచన మన ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయం అధిపతి డాక్టర్ ఎస్.పి. రాజు రూపొందించిన ‘హెర్ల్’ చూలా ఆ సంస్థ ఆంగ్ల నామపు తొలి అక్షరాలతోనే ప్రసిద్ధమైంది. కోట్ల ఇళ్ళకు పొగలేని వంటగదుల గురించి ఆయన రాసిన పుస్తకం 1953లో వెలువడింది. 1980వ దశకంలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిలను జాతీయ కార్యక్రమంగానే చేపట్టింది. వాటిలో చాలా పొయ్యిలు కొన్నేళ్ళకే మూలపడ్డాయి. పొగగొట్టంలో మసి పేరుకుంటుంది. దానిని దించి శుభ్రం చేసేవారు ఉండరు. మట్టి పగులుతుంది, పూసేవారు ఉండరు. పాత్ర పరిమాణం మారితే పొయ్యి నోటికి సరిపోదు. యంత్రాన్ని ఇచ్చి, దాని నిర్వహణ ఇవ్వకపోతే ఏమవుతుందో డ్రిప్ పైపుల విషయంలోనూ మనం చూశాం.

గ్యాసుకు మారితే ఎంత లాభం అన్న ప్రశ్నకూ ఇప్పుడు మంచి సమాధానం ఉంది. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో 3,200 మంది గర్భిణులపై జరిగిన హాపిన్ ప్రయోగంలో సగం మందికి గ్యాసు పొయ్యి, ఇంధనం ఉచితంగా ఇచ్చారు. వారు పీల్చిన గాలిలో పీఎం 2.5 మధ్యస్థ విలువ 24 మైక్రోగ్రాములు. కట్టె పొయ్యితోనే ఉన్నవారిలో 70.7. తగ్గుదల స్పష్టం. అయితే 2022లో ప్రకటించిన ఫలితాలలో పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగిన తేడా రాలేదు. గర్భం దాల్చిన తరువాత పొయ్యి మార్చడం ఆలస్యమేమో, పక్క ఇళ్ళ పొగ మిగిలే ఉండడం వలననేమో అన్న చర్చ సాగుతున్నది. నేను గ్రహించిన విషయం వేరు. ఒక ఇల్లు మారితే చాలదు, వాడ మారాలి. చలికాలపు తెల్లవారుజామున చల్లని గాలి పొర నేలను అంటిపెట్టుకొని ఉన్నప్పుడు, పది ఇళ్ళ నీళ్ళ కాగుల పొగ పైకి లేవక, పదకొండవ ఇంటిలో గ్యాసు మీద వండుకునే మనిషి ముక్కులోకే చేరుతుంది.

కట్టె పొయ్యి తప్పనిసరి అయిన ఇంటికి ఒకటి రెండు మాటలు. నీళ్ళ పొయ్యిని గోడకు ఆనించి, కిటికీ కింద పెట్టరాదు. వానకాలం మన దగ్గర గాలి ప్రధానంగా పడమర, నైరుతి నుంచి. చలికాలం ఈశాన్యం నుంచి. పెద్దలు పొయ్యికి ఆగ్నేయ మూల చెప్పడంలో ఈ రెండు గాలుల దారికీ ఇల్లు నేరుగా అడ్డుపడదన్న సౌకర్యం ఉంది. వాస్తు మీద నమ్మకం లేనివారు కూడా దీనిని వాడుకోవచ్చు. కట్టె బాగా ఎండాలి. పచ్చి కట్టెలోని నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చై, మంట చల్లబడి, కాలని ఆవిర్లు పొగగా వస్తాయి. మంట అంటించడానికి ఎరువుల సంచి ముక్క, సైకిల్ ట్యూబు, ఖాళీ మందు డబ్బా వాడే అలవాటు మాత్రం ఎంతమాత్రమూ సహించదగినది కాదు. గ్యాసు వాడే ఇంటిలోనూ నీలి మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది, మిరప పోపు ఘాటు ఉండనే ఉంది. వండేటప్పుడు కిటికీ తెరిచే ఉంచాలి.

పత్తి కట్టెను ఏమి చేయాలి

సస్యశాస్త్రానికి ఈ సమస్యపై నేరుగా పట్టు ఉన్నది ఇక్కడే. పత్తిని డిసెంబరు చివరికి ముగించి, కట్టె పీకివేయాలని, దానిని చేను గట్టున గాని ఇంటి పక్కన గాని కుప్పలుగా నిల్వ చేయరాదని గులాబీ రంగు పురుగు యాజమాన్యంలో మనం ఏళ్ళ తరబడి చెబుతున్నాం. ఎండిన కాయలలో, గింజలలో ఆ పురుగు సుప్తావస్థలో దాగి, తరువాతి పంట పూతకు వచ్చే వేళకు రెక్కల పురుగుగా బయటికి వస్తుంది. బోల్‌గార్డ్-2 రకాలలోని రెండు బీటీ ప్రోటీన్లకూ అది తట్టుకునే శక్తి సంపాదించిన తరువాత ఈ సిఫారసు విలువ ఇంకా పెరిగింది. అయినా వేసవిలో ఏ ఊరికి వెళ్ళినా దొడ్డి గోడ వెంట పత్తి కట్టె మోపులు కనిపిస్తాయి. అవి వానకాలం దాకా పొయ్యికి సరిపడే నిల్వ. రైతుకు ఇంధనంగా కనిపించే అదే కుప్ప మనకు పురుగుల గూడుగానూ, ఇంటిలోని స్త్రీకి పొగగానూ కనిపించాలి. మన సిఫారసు కీటకశాస్త్రం భాషలోనే ఆగిపోయినందున, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి అది తన గురించి చెప్పిన మాటగా అనిపించలేదు.

కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపే శ్రెడ్డర్ యంత్రం ఒక మార్గం. ముక్కలు కుళ్ళే తొలి వారాలలో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా పట్టి ఉంచుతాయి కనుక, వెంటనే మరో పంట వేసేవారు కొంత నత్రజని అదనంగా ఇవ్వాలి. జనగామ చల్కల వంటి సేంద్రియ కర్బనం తక్కువ ఉన్న నేలలకు ఈ పని రెండు విధాల మేలు. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ పత్తి కట్టెను బయోచార్‌గా మార్చే చిన్న కొలిమిని రూపొందించింది. దానిని చేలోనే, ఊరికి దూరంగా వాడాలి. దొడ్డిలో పెడితే పొయ్యి పొగకు కొలిమి పొగ తోడవుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగుల పెంపకానికి, ఇంధన ఇటుకల తయారీకీ ఈ కట్టె పనికివస్తుంది. కాని వీటిలో ఏదీ కూలి ఖర్చు లేకుండా కాదు. శ్రెడ్డర్ అద్దె కట్టె పీకే కూలి కంటే తక్కువైన రోజున రైతు తనంతట తానే మారతాడు; అప్పటిదాకా కస్టమ్ హైరింగ్ కేంద్రాలలో ట్రాక్టరు, రోటావేటరుతో పాటు శ్రెడ్డర్ కూడా జనవరిలో అందుబాటులో ఉండేలా చూడడం మన పని.

గదిలో పత్తి, గదిలో మిర్చి

పత్తి ఏరడం అక్టోబరులో మొదలై జనవరి దాకా సాగుతుంది. భారత పత్తి సంస్థ కొనుగోలులో తేమ 8 శాతం మించితే ధర కోత, 12 శాతం మించితే తిరస్కరణ. తేమ ఆరడానికీ ధర పెరగడానికీ రైతు ఆగుతాడు. ఆగిన పత్తి ఎక్కడ ఉంటుంది? గోదాము లేదు కనుక ముందరి గదిలో. మూడు నెలలు కుటుంబం పత్తి కుప్ప పక్కన పడుకుంటుంది. ఆ కుప్పలోని నూగు, ఎండుటాకు పొడి, బూజు బీజాలు కదిపినప్పుడల్లా గాలిలోకి లేస్తాయి. జిన్నింగు, నూలు మిల్లుల కార్మికులలో పత్తి ధూళి వలన వచ్చే బిసినోసిస్ వ్యాధి వైద్యశాస్త్రానికి బాగా తెలిసినదే. ఇంటిలోని మోతాదు మిల్లు మోతాదు కాదు. కాని మిల్లు కార్మికునికి పని గంటలు ముగుస్తాయి, పత్తి పక్కన పడుకునే పిల్లవానికి ముగియవు. ఉబ్బసం ఉన్నవారు గల ఇంటిలో పత్తిని పడకగదిలో పోయరాదు. వసారాలో ఎత్తైన చెక్కల మీద, టార్పాలిన్ కప్పి ఉంచడం సాధ్యమే. అదే గదిలో దీపం, అగరుబత్తి వెలిగించడం అగ్ని ప్రమాదానికి ఆహ్వానం.

మిరప సంగతి భిన్నం. మహబూబాబాద్ ఊళ్ళలో ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎండుమిర్చి తొడిమలు తీసే పని ఎక్కువగా ఆడవారిది. ఎండ తప్పించుకోవడానికి తలుపులు మూసిన గదిలో, ఫ్యాను వేసుకొని కూర్చుంటారు. ఫ్యాను ధూళిని బయటికి పంపదు, గదిలోనే తిప్పుతుంది. మిరపలోని కాప్సైసిన్ శ్వాసనాళాలలోని వేడినీ నొప్పినీ గుర్తించే నాడీ గ్రాహకాలను నేరుగా తట్టుతుంది. అందుకే దగ్గు అంత వెంటనే, అంత ఆపుకోలేకుండా వస్తుంది. అలవాటైపోయిందని చెప్పేవారి మాటను ఆరోగ్యానికి సూచనగా తీసుకోరాదు. పని చెట్టు నీడలో, గాలికి వీపు చేసి జరగాలి. ముఖానికి చుట్టుకున్న కొంగు పెద్ద రేణువులను కొంతవరకు ఆపుతుంది, సూక్ష్మ ధూళిని ఆపదు. ఎన్-95 రకం మాస్కు కూలితోపాటు ఇవ్వవలసిన పనిముట్టు. మిరప కట్టెను, తాలు కాయలను పొయ్యిలో వేయడం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఒకసారి వేసిన ఇల్లు రెండవసారి వేయదు.

మందులు, గుళికలు

పురుగుమందును ఇంటి అటుక మీద, మంచం కింద పెట్టుకోవడానికి దొంగల భయం ఒక కారణం, చేలో కొట్టం లేకపోవడం మరొకటి. మూత సరిగా లేని డబ్బా నుంచి మందు ఆవిరి గదిలోకి వస్తూనే ఉంటుంది. ఆవిరి స్వభావం అధికంగా గల డైక్లోర్‌వాస్, అతి విషపూరితమైన ఫోరేట్ సహా ఆరు మందులను 2018 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా ఆపివేశారు. అటుక మీద మిగిలిన పాత డబ్బాలు మాత్రం ఉత్తర్వులు చదవవు. వాసన వస్తున్న గది నిద్రించడానికి పనికిరాదన్నది మొదటి సూత్రం. తాళం వేసిన ఇనుప పెట్టెలో, ఇంటి బయట, పిల్లలకు అందనంత ఎత్తున ఉంచాలి.

అన్నింటికంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టేది ధాన్యం నిల్వలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళిక. పూర్వం వడ్లు గుమ్మిలోనో గరిసెలోనో ఉండేవి. ఇప్పుడు బస్తాలలో, పడకగది గోడ పక్కన. పురుగు కనబడగానే బస్తాల మధ్య గుళిక పెట్టి పైన దుప్పటి కప్పుతున్నారు. 3 గ్రాముల గుళిక ఒకటి గాలిలోని తేమ తగిలి 1 గ్రాము ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది. 30 ఘనపు మీటర్ల గదిలో అది మొత్తంగా వ్యాపిస్తే గాఢత పది లక్షల భాగాలలో సుమారు 24 భాగాలు. పనిచేసే చోట అనుమతించే పరిమితి 0.3. తక్షణ ప్రాణాపాయ స్థాయిగా పరిగణించేది 50. అంటే ఒక చిన్న మూసిన గదిలో మూడు గుళికలు చాలు. ఈ వాయువు గాలి కంటే కొంచెం బరువైనది, నేల మీద పడుకున్నవారిని ముందు చేరుతుంది; గోడ పగుళ్ళ గుండా, తలుపు సందు గుండా పక్క గదికి పాకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. వెల్లుల్లి, కుళ్ళిన చేప వంటి వాసన వస్తే వెంటనే అందరూ బయటికి రావాలి, వాంతులు, ఛాతీ బిగువు, తలతిరుగుడు ఉంటే ఆసుపత్రికి వెళ్ళి గుళిక పెట్టిన సంగతి మొదటి మాటగా చెప్పాలి. ఆహార విషమని పొరపడితే విలువైన గంటలు పోతాయి.

ఈ గుళికల అమ్మకం ప్రభుత్వ సంస్థలకూ, లైసెన్సు గల ధూపన నిపుణులకూ పరిమితం. 3 గ్రాముల గుళికలు పది, ఇరవై ఉండే గొట్టాల తయారీనీ అమ్మకాన్నీ 2001లోనే నిషేధించారు. ఇంటి అవసరానికి దీని జోలికి పోనక్కరలేదు. తినడానికి దాచుకునే వడ్లను, పప్పులను బాగా ఎండబెట్టి, మూడు పొరల గాలి చొరబడని సంచులలో కట్టివేస్తే లోపలి ఆక్సిజన్ తగ్గి పురుగు తనంతట తానే చస్తుంది. మందు లేదు, వాసన లేదు. సంచి ఖరీదు ఎక్కువే అయినా చిరగనంతవరకు మళ్ళీ మళ్ళీ వాడవచ్చు.

చిన్న మంటలు

దోమల బెడద ఉన్న భూపాలపల్లి, మహబూబాబాద్ అటవీ గ్రామాలలో దోమల చుట్ట లేని రాత్రి ఉండదు. 2003లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఒక చుట్ట పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత సూక్ష్మ ధూళి వెలువడుతుంది. మూసిన గదిలో చుట్ట వెలిగించేవారు సిగరెట్టు తాగేవానిని గదిలోకి రానివ్వకపోవడం వింతే. మందు పూసిన దోమతెర దానికి సరైన బదులు. బాలింత గదిలో గాలి సోకకూడదని తలుపులు మూసి, మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టే ఆచారం ఇంకా అక్కడక్కడ ఉంది. నిప్పుకణికలు పొగ లేకుండా కాలుతున్నట్లు కనిపించినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన పట్టుతో పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గనుల చుట్టుపక్కల రాతిబొగ్గు వాడే ఇళ్ళలో దీనికి గంధక వాయువులు తోడవుతాయి. బిడ్డకు సాంబ్రాణి వేయడం ఆపలేకపోతే తలుపు తెరిచి, క్షణకాలం, ఆరుబయట వేయమని అత్తగారికి నచ్చజెప్పవచ్చు. కుంపటిని మాత్రం గదిలో ఉంచరాదు.

ఇంట్లో కుండీలు పెడితే గాలి శుద్ధి అవుతుందా అన్న ప్రశ్న సస్యశాస్త్రవేత్తను కాబట్టి నన్ను తరచుగా అడుగుతారు. 1989 నాటి నాసా ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెలలో జరిగింది. ఇళ్ళు పెట్టెలు కావు. 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ప్రయోగాలన్నింటినీ తిరిగి లెక్కించి, మామూలు గాలి మార్పిడితో సమానమైన ఫలితానికి చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. మొక్కలను అందానికి పెంచుదాం. ధూళిని ఆపాలంటే రోడ్డు వైపు దట్టమైన కంచె, నిమ్మ, గోరింట వరుస మేలు.

కట్టబోయే ఇంటికి

పాత పెంకుటిల్లు పొగను తన పెంకుల సందుల నుంచే బయటికి వదిలేది. స్లాబు ఇంటికి ఆ దయ లేదు. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద 5 లక్షల రూపాయల సహాయంతో కనీసం 400 చదరపు అడుగుల ఇళ్ళు ఈ మూడు జిల్లాలలోనూ లేస్తున్నాయి. గోడలు లేచిన తరువాత మార్పు ఖరీదైనది; పునాది దశలో దాదాపు ఉచితం. వంటగదిలో కిటికీకి ఎదురు గోడపై, స్లాబుకు జానెడు కింద ఒక అడుగు చదరపు రంధ్రం వదలాలి, ఎందుకంటే వేడి పొగ పైకే చేరి అక్కడే నిలుస్తుంది. నీళ్ళ కాగుకు ఇంటి గోడ నుంచి కొన్ని గజాలు దూరంగా రేకుల పందిరి సరిపోతుంది. పంట, మందులు పెట్టుకోవడానికి చిన్న గది ఒకటి కట్టగలిగితే దాని తలుపు పడకగదిలోకి కాక దొడ్డిలోకి తెరుచుకోవాలి, ఆ రెండు గదుల మధ్య గోడలో గూడు గాని వెంటిలేటర్ గాని వదలరాదు.